మందు పంపు మొరాయిస్తే వారంటీ ఎంతవరకు ఆదుకుంటుంది?

నల్ల తామర పురుగు మిరప తోటల మీద పడ్డ 2021 రబీ ముందు రోజులు మన రైతులు అంత తేలిగ్గా మర్చిపోరు. వారానికి రెండుసార్లు మందు కొట్టినా పూత నిలవని రోజులవి. సరిగ్గా అప్పుడే మా పరిధిలోని ఓ కౌలు రైతు బ్యాటరీ పంపు ఆగిపోయింది. కొని మూడు నెలలే అయింది. దుకాణానికి తీసుకెళితే "కంపెనీకి పంపుతాం, వారంలో వస్తుంది" అన్నారు. వారం కాస్తా నాలుగు వారాలైంది. పంపు తిరిగొచ్చింది గానీ బాగుచేయకుండానే వచ్చింది. దానికి ఒక చీటీ కట్టి ఉంది. లోపల మందు గడ్డకట్టింది, ఇది వాడకం లోపం, వారంటీ వర్తించదు అని అందులో రాశారు. ఆ నాలుగు వారాలూ ఆయన అద్దె పంపులతో, అరువు పంపులతో నెట్టుకొచ్చాడు.

చీటీలో రాసింది పూర్తిగా అబద్ధం కాదు. అలాగని పూర్తిగా నిజమూ కాదు. వారంటీ అనేది ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో తెలియకపోవడం వల్లే మన రైతులు ఎక్కువగా నష్టపోతున్నారు. అందుకే ఈసారి పురుగుల గురించి కాకుండా పంపు గురించి రాస్తున్నాను.

కార్డులో ఏముంటుంది?

వారంటీ అంటే పంపు పాడైతే కొత్తది ఇస్తారని చాలామంది అనుకుంటారు. కార్డు తిప్పి చదివితే "తయారీ లోపం ఉన్న భాగాన్ని బాగుచేసి లేదా మార్చి ఇస్తాం" అని ఉంటుంది. అంటే ముందు బాగుచేయడం, కుదరకపోతే ఆ భాగం మార్చడం. పంపు మొత్తం మార్చి ఇస్తామని రాసిన కార్డులు నేను చూసినవి చాలా తక్కువ. దుకాణదారు కౌంటర్ దగ్గర "ఏడాదిలోపు ఏమైనా కొత్త పంపు ఇస్తా" అంటే, ఆ మాట బిల్లు మీద రాసి సంతకం పెట్టమనండి. రాస్తే ఆ మాటకు కట్టుబడి ఉండాలి. రాయనంటే అసలు సంగతి అక్కడే తెలిసిపోతుంది.

ఒకే పంపులో అన్ని భాగాలకూ ఒకే గడువు ఉండదు. మోటారుకు ఒక గడువు, బ్యాటరీకి, ఛార్జరుకు వేరే గడువు ఉంటుంది. చాలా కార్డుల్లో ఇది ఆరు నెలలు, కొన్నింటిలో ఏడాది. నాజిల్, గన్, వాషర్లు, పైపు, భుజాన వేసుకునే బెల్టు అరిగిపోయే వస్తువుల కింద లెక్క. వాటికి వారంటీ ఉండదు. కింద పడి డ్రమ్ము పగిలితే కూడా ఇవ్వరు. ఇక్కడ తప్పు పట్టడానికి లేదు. నాలుగు వందల ట్యాంకులు కొట్టాక వాషరు అరగకుండా ఎలా ఉంటుంది?

గడువు బిల్లు తేదీ నుంచి మొదలవుతుంది. మీరు పంపును మొదటిసారి పొలానికి తీసుకెళ్లిన రోజు నుంచి కాదు. జూన్‌లో తక్కువ ధరకు వస్తోందని కొని, నవంబరు దాకా అటక మీద పెడితే ఆరు నెలల వారంటీలో ఐదు నెలలు అటక మీదే పోయినట్టు. పైగా ఛార్జింగ్ పెట్టకుండా వదిలేసిన బ్యాటరీ ఆ అయిదు నెలల్లోనే సగం చచ్చిపోతుంది.

నిజంగా పాడయ్యేది ఏమిటి?

మన దగ్గర ఎక్కువగా వాడే పంపుల్లో 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ ఉంటుంది. 8 ఆంపియర్ అవర్ రకం ఎక్కువ, పెద్ద వాటిలో 12 ఉంటుంది. ఈ బ్యాటరీకి ఆకలి పడదు. పూర్తిగా ఖాళీ చేసి అలాగే వదిలేస్తే లోపలి పలకల మీద సల్ఫేటు పొర గట్టిపడి, మళ్లీ ఛార్జింగ్ ఎక్కదు. పని అయిన రోజు రాత్రే ఛార్జింగ్ పెట్టాలి. పంట లేని రోజుల్లో కూడా నెలకోసారి ఛార్జింగ్ పెట్టాలి. ఛార్జరు మీద 1.7 ఆంపియర్లు అని ఉంటే, ఖాళీ అయిన 8 ఆంపియర్ అవర్ బ్యాటరీ నిండడానికి ఐదారు గంటలు పడుతుంది. గంట పెట్టి తీసేసి, ఆకుపచ్చ లైటు రాలేదని కంపెనీని తిట్టుకున్న వాళ్లను చూశాను.

రెండోది పంపులోని డయాఫ్రం, దాని వాల్వులు. కాలువ నీళ్లు వడకట్టకుండా పోయడం, పొడి మందును బకెట్లో కలపకుండా నేరుగా డ్రమ్ములో వేయడం, పని అయ్యాక కడగకుండా పక్కన పెట్టడం, ఈ మూడింటి వల్లే వాల్వులు అతుక్కుపోతాయి. గంధకం, కాపర్ ఆక్సీక్లోరైడ్ లాంటి నీటిలో కరగని పొడి మందులు అడుగున పేరుకుని రాత్రికి రాత్రే గట్టిపడతాయి. పని ముగియగానే రెండు మూడు లీటర్ల మంచినీళ్లు పోసి నాజిల్ గుండా బయటకు కొట్టించండి. ఆ నీళ్లను చెరువులోకో కాలువలోకో వదలకుండా చేలోనే కొట్టేయండి.

పంపు ఆగగానే దుకాణానికి పరుగెత్తకుండా ఒక చిన్న పరీక్ష చేయండి. నాజిల్ విప్పేసి స్విచ్ వేయండి. నీళ్లు ధారగా వస్తే పంపు బాగున్నట్టే, నాజిలే మూసుకుపోయింది. మోటారు తిరుగుతున్న శబ్దం వచ్చి నీళ్లు రాకపోతే జల్లెడ గానీ వాల్వులు గానీ మూసుకుపోయాయి, లేదా పైపు జాయింటు దగ్గర గాలి పీలుస్తోంది. అసలు శబ్దమే లేకపోతే బ్యాటరీ, స్విచ్, ఫ్యూజు, వైర్లు చూడాలి. ఊళ్లో కరెంటు పని చేసే వాళ్ల దగ్గర మీటరు ఉంటుంది. నిండా ఛార్జింగ్ పెట్టి రెండు మూడు గంటలు ఆగాక బ్యాటరీ 12.5 వోల్టులకు పైగా చూపాలి. అంత చూపి, మోటారు ఆన్ చేయగానే పది దగ్గరకు పడిపోతే బ్యాటరీ పోయినట్టే. ఆ అంకెలు కాగితం మీద రాసుకుని వెళ్లండి. "పంపు పనిచేయడం లేదు" అని చెప్పే రైతుకూ, "ఛార్జింగ్ పెట్టాక ఇంత చూపింది, ఆన్ చేస్తే ఇంతకు పడింది" అని చెప్పే రైతుకూ కౌంటర్ దగ్గర వచ్చే జవాబులు వేరుగా ఉంటాయి.

మా దగ్గరే ఓ మహిళా రైతు సరిగ్గా ఇదే చేసింది. కొన్న రోజే బిల్లు, వారంటీ కార్డు, డ్రమ్ము కింద ఉన్న సీరియల్ నంబరు మూడూ ఫోన్లో ఫొటో తీసి పెట్టుకుంది. ఐదో నెలలో బ్యాటరీ నిలవడం మానేసింది. దుకాణంలో తిప్పుతుంటే, డబ్బా మీద ఉన్న కస్టమర్ కేర్ నంబరుకు ఆమే ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకుంది. పది రోజుల్లో కొత్త బ్యాటరీ వచ్చింది. ఆమె పంపూ పైన చెప్పిన కౌలు రైతు పంపూ ఒకే రకం, ఒకే దుకాణంలో కొన్నవి. ఆయన దగ్గర ఉన్నది తెల్ల కాగితం మీద రాసిచ్చిన చీటీ. కార్డు మీద దుకాణం ముద్ర లేదు, తేదీ లేదు. లోపల మందు గడ్డకట్టిన మాట నిజమే గానీ, ఆయన పంపు ఆగింది ఛార్జరు పోవడం వల్ల. నాలుగు వారాలు మూలన పడి ఉన్నప్పుడు మందు గట్టిపడింది. తేదీ లేని చీటీతో ఆ సంగతి రుజువు చేయడానికి దారి లేకపోయింది.

మీరు పంపును దుకాణంలో ఇచ్చే ముందు కడిగి ఇవ్వండి. కడిగాక ఒక ఫొటో తీయండి. ఏ తేదీన, ఏ లోపంతో, ఏ ఏ భాగాలతో తీసుకున్నారో రాసి రసీదు ఇవ్వమని అడగండి. మొహమాటపడితే నష్టం మీకే.

నేను చేసిన తప్పు

ఇతరులకు చెప్పే నేను కూడా ఒకసారి దెబ్బతిన్నాను. మా సొంత పొలంలో బోరు మోటారు కొన్న తొమ్మిదో నెలలో ఆగిపోయింది. వరి పొట్ట దశలో ఉంది, నీళ్లు ఆపే వీల్లేదు. ఊళ్లో మెకానిక్ ఉదయమే వచ్చి మోటారు పైకి లాగి, విప్పి, వైండింగ్ కాలిందని తేల్చాడు. విప్పిన తర్వాత నాకు వారంటీ గుర్తొచ్చింది. కంపెనీ మనిషి వచ్చి సీలు తెగి ఉండటం చూసి ఒక్క మాటతో వెళ్లిపోయాడు. బయటివాళ్లు విప్పితే వారంటీ పోతుందని కార్డులో స్పష్టంగానే ఉంది. వ్యవసాయ డిగ్రీ చదివి కూడా నేను ఆ కార్డు తిప్పి చూడలేదు.

మోటార్ల విషయంలో ఇంకో మెలిక ఉంది. చాలా కంపెనీలు "బిల్లు తేదీ నుంచి 12 నెలలు లేదా ఫ్యాక్టరీ నుంచి బయల్దేరిన తేదీ నుంచి 18 నెలలు, ఏది ముందైతే అది" అని రాస్తాయి. దుకాణంలో ఏడాదిగా పడి ఉన్న మోటారు కొంటే మీకు మిగిలేది ఆరు నెలలే. మోటారు మీది ప్లేటుపై తయారీ నెల చూసి కొనండి. తక్కువ వోల్టేజీ వల్ల, ఒక ఫేజు పోవడం వల్ల కాలిన వైండింగుకు వారంటీ ఇవ్వరు. స్టార్టరులో సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ పెట్టించుకుంటే మోటారూ బతుకుతుంది, వాదనకూ బలం ఉంటుంది.

చట్టం ఏం చెబుతోంది?

రైతు వినియోగదారుడు కాదని, పంట అమ్ముకుంటాడు కాబట్టి వ్యాపారి అవుతాడని కొందరు బెదిరిస్తారు. అది నిలవదు. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతుల విత్తనాల కేసులోనే, నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ వర్సెస్ మధుసూదన్ రెడ్డి తీర్పులో, రైతులు వినియోగదారుల ఫోరానికి వెళ్లవచ్చని 2012లో సుప్రీంకోర్టు చెప్పింది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కూడా స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసం కొని వాడుకునే వస్తువును వ్యాపార అవసరంగా చూడదు. సొంత పంపుతో కూలికి మందు కొట్టి బతికేవారికీ ఇదే వర్తిస్తుంది. అయితే అద్దెకు తిప్పితే వారంటీ ఉండదని కొన్ని కార్డుల్లో రాసి ఉంటుంది, అది చూసుకోండి.

అదే చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం అక్రమ వ్యాపార పద్ధతి. లోపమున్న వస్తువును బిల్లులో రాసిన గడువులోపు, గడువు రాయకపోతే 30 రోజుల్లోపు, వెనక్కి తీసుకోనని మొండికేయడం కూడా అంతే. కాబట్టి "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని బిల్లు కింద అచ్చు వేసినంత మాత్రాన మీ హక్కు పోదు. పన్ను మిగులుతుందని బిల్లు లేకుండా కొంటే మాత్రం ఆ హక్కును చేజేతులా కాల్చుకున్నట్టే. నాలుగు వందలు మిగిలాయని సంబరపడి నాలుగు వేల పంపు పోగొట్టుకున్నవాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు.

ఆన్‌లైన్‌లో కొంటే డబ్బా మీద తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, చిరునామా, ఫిర్యాదు నంబరు ఉన్నాయో లేదో చూడండి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం అమ్మకపు వేదిక ఫిర్యాదుల అధికారి మీ ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. నా సలహా అడిగితే, మందు పంపు మాత్రం పదిహేను ఇరవై కిలోమీటర్లలో విడిభాగాలు దొరికే దుకాణంలోనే కొనండి. రెండు వందలు ఎక్కువైనా సరే. సీజన్లో ఒక వాల్వు కోసం కొరియర్ ఎదురుచూడటం ఎంత ఖరీదో లెక్క వేసుకోండి.

మాటలతో పని కాకపోతే ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడవచ్చు. బిల్లు నంబరు, సీరియల్ నంబరు, దుకాణంలో ఇచ్చిన తేదీ దగ్గర పెట్టుకుని చేయండి. చాలా ఫిర్యాదులు ఇక్కడే తేలిపోతాయి. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. వస్తువుకు చెల్లించిన ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు, మీరు నివసించే జిల్లాలోనే వేయవచ్చు. సమస్య తలెత్తిన రోజు నుంచి రెండేళ్లలోపు వేయాలి. అయితే తీర్పుకు నెలలు పడుతుంది, అందులో దాపరికం ఏమీ లేదు. ఈ పంటకు అందేది కాదు.

పంట నష్టం సంగతి కూడా చెప్పాలి. పంపు ఆగడం వల్ల పంటకు జరిగిన నష్టానికి తమ బాధ్యత లేదని దాదాపు ప్రతి కార్డులో ఉంటుంది. అవతలివారి నిర్లక్ష్యం వల్ల నష్టం జరిగిందని రుజువైతే పరిహారం ఇప్పించే అధికారం కమిషన్‌కు ఉంది. కానీ రుజువు మీ దగ్గర ఉండాలి. అద్దె పంపుకు కట్టిన డబ్బుకు రసీదు తీసుకోండి. తోట ఫొటోలు తేదీతో పెట్టుకోండి. ఆ రోజుల్లో రైతు సేవా కేంద్రం సిబ్బందినో వ్యవసాయ అధికారినో పిలిచి తోట చూపించండి. నెల తర్వాత వచ్చి "అప్పుడు పురుగు ఎక్కువగా ఉంది సార్" అంటే మేము రాసిచ్చేది ఏమీ ఉండదు.

కొత్తగా కొనబోయేవారు పవర్ వీడర్, రోటవేటర్ లాంటి పెద్ద యంత్రాలైతే పరీక్ష నివేదిక ఉందా అని డీలరును అడగండి. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్ష సంస్థ ఉంది. అక్కడ యంత్రాలను పరీక్షిస్తారు, రైతులకు నడపడం, బాగుచేసుకోవడం కూడా నేర్పుతారు. మందు పంపు కొనేవారు మాత్రం దుకాణంలోనే నీళ్లు పోయించి పది నిమిషాలు ఆడించి, కార్డు మీద ముద్ర, తేదీ, సీరియల్ నంబరు రాయించుకున్నాకే డబ్బు ఇవ్వండి.