వార్తల్లో పదం: కార్-టి సెల్ థెరపీ

రోగి రక్తంలోంచి టి కణాలను (రోగనిరోధక కణాలు) వేరుచేసి, ల్యాబ్‌లో కొత్త జన్యువు ఎక్కించి, కోట్ల సంఖ్యలో పెంచి, మళ్లీ ఒంట్లోకి పంపే చికిత్స ఇది. జన్యువును మోసుకెళ్లేది హాని చేయకుండా మార్చిన వైరస్. కొన్ని రక్త క్యాన్సర్లలో ఆ కణాలు సీడీ19 ప్రోటీన్ ఉన్న క్యాన్సర్ బి కణాలను వెతికి చంపుతాయి. పాపం, మంచి బి కణాలూ వాటితోపాటే పోతాయి!

2012లో ఫిలడెల్ఫియాలో ఆరేళ్ల ఎమిలీ వైట్‌హెడ్ లుకేమియాకు ఈ చికిత్స తీసుకుంది. విపరీతమైన జ్వరంతో వెంటిలేటర్ మీదికి వెళ్లింది. పరీక్ష చేస్తే రక్తంలో ఇంటర్‌ల్యూకిన్-6 అనే ప్రోటీన్ మితిమీరి ఉంది. దాన్ని అడ్డుకునే, కీళ్లవాతానికి వాడే టోసిలిజుమాబ్ మందు ఇచ్చారు. గంటల్లోనే తేరుకోవడం మొదలైంది.

ఈ చికిత్సను అమెరికా 2017లో అనుమతించింది. ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ రూపొందించిన నెక్స్‌కార్19కు మన దేశంలో 2023లో అనుమతి దక్కింది. అక్కడ కోట్లు పలికే వైద్యం ఇక్కడ లక్షల్లోకి దిగింది. మామూలు కుటుంబానికి ఆ లక్షలూ భారమే.