మణికట్టు బెణికిందని ఊరుకోకండి

చెయ్యి ఊని పడ్డప్పుడు మణికట్టు వాస్తే, “బెణికిందిలే, పసుపు పట్టు వేస్తే సరి” అనుకోవటం మన ఇళ్ళల్లో మామూలే. చాలాసార్లు అది నిజమే. కాని ఎప్పుడో ఒకసారి ఆ వాపు వెనక ఎముక జారి ఉంటుంది. అరుదే అయినా, సకాలంలో పోల్చుకోకపోతే ఆ చేతికి పట్టు తగ్గిపోతుంది.

మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలు రెండు వరుసల్లో పేర్చి ఉంటాయి. వాటి నడుమ చంద్రవంకలా ఉండేది లూనేట్. గట్టి దెబ్బకు దాన్ని పట్టి ఉంచే నారల్లాంటి లిగమెంట్లు తెగి, చుట్టూ ఉన్న ఎముకలు పక్కకు తప్పుకుంటాయి. ఒక్కోసారి లూనేటే అరచేతి వైపుకు జారుతుంది. ఎత్తు మీంచి పడినా, వేగంగా పోతూ బండి మీంచి పడినా ఇలా జరగవచ్చు. శామీర్‌పేట చెరువు చూడటానికి రాజీవ్ రహదారి మీద మోటారు సైకిళ్ళపై వెళ్ళే అబ్బాయిల తల్లులు దీన్ని మరీ గుర్తుంచుకోవాలి.

గుర్తులేమిటంటారా? విపరీతమైన నొప్పి, వాపు, వేళ్ళు ముడవలేకపోవటం. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు తిమ్మిరెక్కితే లోపలి నరం నలుగుతోందని అర్థం. ఇక ఆలస్యం చెయ్యకూడదు.

ఎదురుగా తీసిన ఎక్స్‌రేలో ఇది కంటికి ఆనకపోవచ్చు. పక్కనుంచి తీసినదాంట్లో ఒరిగిన టీ కప్పులా లూనేట్ కనిపిస్తుంది. 1993లో 166 కేసులు పరిశీలించిన డాక్టర్లు, నాలుగోవంతు మందిలో మొదట దీన్ని గుర్తించలేదని తేల్చారు. అందుకే “పక్కనుంచి కూడా తీశారా?” అని అడగండి. మొహమాటపడకండి.

మరి ఇంట్లో ఏం చెయ్యాలి? వాపు ఎక్కకముందే గాజులు, ఉంగరాలు తీసెయ్యండి. మడిచిన వార్తాపత్రికను ఆసరాగా పెట్టి, గుడ్డతో వదులుగా కట్టి, చెయ్యి కదలకుండా మెడకు వేలాడదీయండి. నూనె రాసి మర్దనా చెయ్యటం, లాగటం వద్దు. పుత్తూరు కట్టు పేరు వినని తెలుగిల్లు లేదు గాని, ఎముక జారినచోట పైకట్టు ఒక్కటే చాలదు.

ఆసుపత్రిలో మత్తిచ్చి ఎముకను చోటుకు చేరుస్తారు. తర్వాత చాలామందికి ఆపరేషన్ చేసి, లిగమెంట్లు కుట్టి, సన్నని తీగలతో ఎముకల్ని నిలబెడతారు. సుమారు రెండు నెలలు కట్టు, ఆపైన నెలల తరబడి వ్యాయామం తప్పవు. అంతా సక్రమంగా జరిగినా కొంత బిగువు మిగలవచ్చు. ఆలస్యమైతే నష్టం మరీ ఎక్కువ. పిండి పిసకాలన్నా, బిందె ఎత్తాలన్నా ఆ మణికట్టే కదా ఆధారం!