పేరు మనది... లెక్క కంప్యూటర్‌ది!

పాత మహబూబ్‌నగర్ జిల్లా నుంచి జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలు 2016 అక్టోబరు 11న ఏర్పడ్డాయి. ఈ మూడు పేర్లతోనే మొదలుపెట్టి, మన పేర్లు కంప్యూటర్‌కు ఎలా కనిపిస్తాయో చూద్దాం.

● గద్వాల మన కంటికి 3 అక్షరాలు, కంప్యూటర్‌కు 6. యూనికోడ్‌లో హల్లు, పొల్లు, గుణింతపు గుర్తు వేటికవే విడి సంకేతాలు. 'ద్వా' ఒక్కదానికే 4 కావాలి. వనపర్తి 4 అక్షరాలకు 7, నాగర్‌కర్నూల్ 6 అక్షరాలకు 13 అవుతాయి. అందుకే సంకేతాలను లెక్కపెట్టి హద్దు గీసే ఫారాల్లో తెలుగు పేరుకు చోటు చాలదు.

● నాగర్‌కర్నూల్ లోని ఆ 13 సంకేతాల్లో ఒకటి అసలు కనిపించదు! దాని పేరు 'జీరో విడ్త్ నాన్ జాయినర్'. 'ర్' పక్కన అది లేకపోతే 'క' ఒత్తుగా మారి 'నాగర్కర్నూల్' అయి కూర్చుంటుంది. రాజ్‌కుమార్, రామ్‌రెడ్డి లాంటి పేర్లకూ ఇదే అవసరం. ఒకే పేరును ఒకరు ఈ గుర్తు పెట్టి, ఇంకొకరు పెట్టకుండా టైపు చేస్తే, దాన్ని వదిలేసి చూడమని ముందే చెప్పని సాఫ్ట్‌వేర్‌కు ఆ రెండూ వేర్వేరు మనుషుల పేర్లే.

● ఈ కనిపించని గుర్తే 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతటా ఐఫోన్లను కూలదోసింది. 'జ్ఞ'కూ దీర్ఘానికీ నడుమ అది దూరితే, సందేశం తెరిచిన యాప్ అక్కడికక్కడే మూతపడేది. ఫిబ్రవరి 19న ఆపిల్ 11.2.6 వెర్షన్‌తో దాన్ని సరిచేసింది. మామూలుగా రాసే 'జ్ఞానేశ్వర్' వల్ల మాత్రం ఏ ఫోనుకూ ముప్పు రాలేదు.

● 'గోలకొండ పత్రిక' స్థాపకుడు సురవరం ప్రతాపరెడ్డి 1952లో వనపర్తి నుంచి ఎమ్మెల్యేగా గెలిచారు. ఆయన పేరును ప్రతాపరెడ్డి, ప్రతాప రెడ్డి, ప్రతాప్ రెడ్డి, ప్రతాప్‌రెడ్డి అని ఎలా రాసినా పాలమూరులో ఎవరూ పొరబడరు. అక్షరం అక్షరం పోల్చి చూసే సాఫ్ట్‌వేర్‌కు మాత్రం వీళ్లు నలుగురు!

● మహమ్మద్‌ను 'ఎండీ' అని కుదించి రాయడం మనకు మామూలే. పూర్తి పేరున్న కార్డుకూ ఈ కుదించిన పేరుకూ అలా అక్షరాలు పోల్చే సాఫ్ట్‌వేర్ జత కలపలేదు. పాన్ దరఖాస్తులోనైతే మొదటి పేరు, ఇంటిపేరు గళ్లలో ఇనిషియల్స్ కుదరవు, పూర్తిగా విప్పి రాయాల్సిందే.

● పాస్‌పోర్టు అడుగున యంత్రం చదివే రెండు వరుసలు ఉంటాయి. ఒక్కో వరుసకు 44 గళ్లు, మొదటి వరుసలో పేరుకు దక్కేవి 39. ఇంగ్లిష్ పెద్ద అక్షరాలు 26, ఖాళీని నింపే గుర్తు ఒకటి తప్ప పేరులో ఇంకేదీ చెల్లదు. చుక్కలు, కామాలు అక్కడ మాయమవుతాయి. 39 దాటిన పేరుకు కత్తెర తప్పదు.

● పాస్‌పోర్టులో 'గివెన్ నేమ్' గడి ఖాళీగా ఉంటే అమెరికా వీసాలో ఆ చోట 'ఎఫ్ఎన్‌యూ' అని పడుతుంది. అంటే మొదటి పేరు తెలియదని. అక్కడి రికార్డుల్లో అదే అసలు పేరుగా పడిన సందర్భాలు ఉన్నాయి. ఒంటి పేరున్న పాస్‌పోర్టుతో విజిట్ వీసా మీద వచ్చేవారిని అనుమతించబోమని యూఏఈ 2022 నవంబరులో ప్రకటించింది.

● కొన్ని తెలుగు అక్షరాలు యూనికోడ్‌లోకి ఆలస్యంగా చేరాయి. 'ౘ', 'ౙ' 2008లో వచ్చాయి. తాళపత్రాల్లో, తొలినాటి అచ్చు పుస్తకాల్లో కనిపించే నకారపొల్లుకు 2021 దాకా చోటు దొరకలేదు.

● ఒక ఎస్ఎంఎస్‌లో ఇంగ్లిష్ అయితే 160 అక్షరాలు పడతాయి. తెలుగు అయితే 70 సంకేతాలే. 'లక్ష్మి' అని రాస్తేనే 7 ఖర్చు.

● ఆధార్ నమోదులో పేరు ఇంగ్లిష్‌లో కొడితే తెలుగు పేరు దానంతటదే వస్తుంది. ఇంగ్లిష్ అక్షరాల్లో న, ణ ల తేడా, ల, ళ ల తేడా నిలవవు కాబట్టి, రమణ కాస్తా 'రమన'గా తిరిగిరావచ్చు. ఆధార్‌లో పేరు మార్చుకోవడానికి సాధారణంగా జీవితంలో రెండు అవకాశాలే ఉన్నాయి. కాబట్టి ఆపరేటర్ వివరాలు చూపించినప్పుడు ఇంగ్లిష్ వరుసతో పాటు తెలుగు వరుసనూ అక్షరం అక్షరం చదివాకే 'సరే' అనండి.