బొమ్మ వయసు చెప్పే కుళ్లాయి

సింగపూర్: ఎంప్రెస్ ప్లేస్‌లోని ఏషియన్ సివిలైజేషన్స్ మ్యూజియంకు పిల్లల్ని తీసుకెళ్తే తప్పక వచ్చే ప్రశ్న ఒకటుంది: తేదీ రాయని పాత బొమ్మ ఏ కాలానిదో ఎలా తెలుస్తుంది?

ఒక ఆధారం బట్టలు. కొరియాలో జోసన్ రాజుల కాలంలో స్త్రీల పైచొక్కా 'జొగొరి' 18, 19 శతాబ్దాల్లో బాగా కురచైంది. దాని పొడవును బట్టి ఆస్థాన చిత్రాల కాలాన్ని అంచనా వేస్తారు.

మన లేపాక్షిలోనూ ఇలాంటి గుర్తుంది. వీరభద్రాలయం పైకప్పు చిత్రాల్లో మగవాళ్లు పొడవాటి కుళ్లాయిలు పెట్టుకున్నారు. తిరుమలలో కృష్ణదేవరాయల (1509–1529) విగ్రహానికీ కుళ్లాయే. ఆయన తర్వాత అచ్యుతదేవరాయల (1529–1542) ఏలుబడిలో విరూపణ్ణ ఈ గుడి కట్టించాడనే మాటకు ఇది సరిపోతుంది.

కానీ బట్టల్ని బట్టే తేల్చకూడదు. ఒక వేషం రెండు మూడు తరాలు సాగవచ్చు. దేవుళ్లకు పాతకాలపు అలంకారమే వేస్తారు. అందుకే బొమ్మలోని మనుషుల్ని చూడాలి, శాసనాలతో సరిపోల్చాలి.

లేపాక్షిలో రంగులు పెచ్చులూడుతున్నాయి. సెలవులకు ఊరెళ్తే పిల్లలకు ఆ కుళ్లాయిలు చూపించండి. ఆ పెచ్చు రాలితే సాక్ష్యమూ పోయినట్టే.