డాక్యుమెంటరీ చిత్రమునకు ధనసేకరణ శిక్షణ: తెలుగు భాషా ప్రసక్తి

చలనచిత్ర శిక్షణ యనగానే దర్శకత్వము, ఛాయాగ్రహణము, శబ్దగ్రహణము, కూర్పు అను నాలుగు విద్యలే మనస్సునకు తోచును. ధనము సమకూర్చుట గూడ నేర్వదగిన విద్యయే. డాక్యుమెంటరీ విషయమున అది ప్రధానముగా రచనావిద్య. రచన యగుటచేత భాషాధ్యయనపరులకు అందు కొంత ప్రమేయము గలదు. ఆ ప్రమేయమెట్టిదో ఈ వ్యాసమున చూపదలచితిమి.

ఉదాహరణమును ఖరగ్‌పూరు నుండి తీసికొందము. బెంగాల్ నాగపూర్ రైల్వే కార్ఖానాతో పెరిగిన ఈ పట్టణమున, ఉత్తరాంధ్ర జిల్లాలనుండి కూలికిని కొలువునకును వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబములు తరతరములుగా గలవు. 1927 నాటి ఇచ్చటి రైల్వే కార్మికుల సమ్మెలో, తరువాత రాష్ట్రపతి యైన వి.వి. గిరిగారు ప్రముఖపాత్ర వహించిరి. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గము తెలుగునకు అధికారభాషా ప్రతిపత్తి నొసగుటకు నిశ్చయించినది. ఈ పట్టణమున ఐ.ఐ.టి. ప్రాంగణము చెంతనున్న ప్రేమ్ బజారులో నివసించు తెలుగు యువతి యొకతె ఈ వృత్తాంతమును చిత్రముగా తీయబూనినదనుకొందము. కెమెరా దొరకును, నేడు అది పెద్ద పని కాదు. వృద్ధ కార్మికుల మాటలును దొరకును. దొరకనిది రెండు మూడేండ్ల ఖర్చు.

కథాచిత్రమైనచో ఆమెకు తెలుగుదేశమున ఒక పాత త్రోవ కలదు. నిర్మాత కథను, తారాగణమును చెప్పి, చిత్రము పూర్తికాకముందే బయ్యర్లకు ఏరియాల వారీగా హక్కులమ్మును. నైజాము, సీడెడ్, ఆంధ్ర అనునవి ఆ ఏరియాల పేర్లు. దత్తమండలమను పేరు అవమానకరమని 1928లో నంద్యాల సభవారు త్యజించి రాయలసీమ యను పేరు పెట్టుకొనిరి. సినిమా లెక్కల పుస్తకము మాత్రము నేటికిని సీడెడ్ అనియే వ్రాయుచున్నది! అడ్వాన్సు వేరు, మినిమం గ్యారంటీ వేరు. వసూళ్లు చాలనిచో అడ్వాన్సు తిరిగి యీయవలసినది. గ్యారంటీ సొమ్ము తిరిగి యీయ నక్కరలేనిది. చాలని సొమ్ము ఫైనాన్షియరు వద్ద వడ్డీకి వచ్చును. నెగటివు కాలమున ఆ బాకీకి హామీ లేబరేటరీలోని నెగటివే. బాకీ తీరినదని ఫైనాన్షియరు వ్రాసి యిచ్చువరకు ప్రింట్లను విడువమని లేబరేటరీవారిచ్చు జాబును లాబ్ లెటరనిరి. ఈ పరిభాషను ఏ విద్యాలయమును నేర్పలేదు. కార్యాలయములలో, విడుదలకు ముందునాటి రాత్రులలో, విని నేర్చినదే. అందుచేతనే అది సగము ఆంగ్లమైనను పూర్తిగా తెలుగువారి నాలుకకు లొంగినది.

డాక్యుమెంటరీకి బయ్యరు లేడు. ఇచ్చట చరిత్రను కొంచెము తడవవలెను. ఎస్.కె. పాటిల్ అధ్యక్షతన 1949లో ఏర్పడిన విచారణ సంఘము 1951లో నివేదిక సమర్పించి, చిత్రములకు అప్పులిచ్చు సంస్థయు, శిక్షణాలయమును కావలెనని కోరినది. ఫిల్మ్ ఫైనాన్స్ కార్పొరేషన్, పూనా ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ రెండును 1960లో వెలసినవి. ధనము ఒకచోట, విద్య వేరొకచోట. వాటి నడుమ వారధి చాలకాలము లేదు. డాక్యుమెంటరీ సంగతి అంతకుముందే తేలిపోయినది. 1948లో నెలకొన్న ఫిల్మ్స్ డివిజన్ ప్రభుత్వశాఖ. తీయునదియు పంపిణీ చేయునదియు అదియే. సినిమాహాళ్లు ఆమోదిత చిత్రములను విధిగా ప్రదర్శించి అద్దె చెల్లించెడివి. ఆంగ్లమునందో హిందీయందో సిద్ధమైన వ్యాఖ్యానము తెలుగు మున్నగు భాషలలోనికి అనువదింపబడి వినిపించెడిది. అనగా డాక్యుమెంటరీ మనకు అనువాదకుని గొంతుతో వచ్చినది. ఆ గొంతునకు బేరమాడవలసిన పని లేకపోయెను. కనుకనే ఈ రంగమున ధనవిషయక పరిభాష తెలుగులో పుట్టలేదని నా యభిప్రాయము. ఫిల్మ్స్ డివిజన్ 2022లో జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థలో విలీనమైనది.

మన యువతి ఇప్పుడు కలకత్తాకు పోవును. ఖరగ్‌పూరునుండి హౌరాకు రైలులో సుమారు 115 కిలోమీటర్లే. కలకత్తాకును తెలుగు చిత్రమునకును గల చుట్టరికము క్రొత్తది కాదు: మృణాల్ సేన్ 1977లో ‘ఒక ఊరి కథ’ తీసెను, డాక్యుమెంటరీలతో చేయి తిరిగిన గౌతమ్ ఘోష్, బి. నరసింగరావు, జి. రవీంద్రనాథ్ నిర్మాతలుగా 1979లో ‘మా భూమి’ తీసెను. 1995లో ఏర్పడిన సత్యజిత్ రే ఫిల్మ్ ఇన్‌స్టిట్యూటులో చిత్రనిర్మాణ నిర్వహణ ప్రత్యేక పాఠ్యవిషయముగా నున్నది. 2004లో ఆరంభమైన డాక్‌ఎడ్జ్ అను వేదిక డాక్యుమెంటరీకారులకు తమ చిత్రమును ధనదాతల యెదుట ప్రతిపాదించు పద్ధతిని నేర్పుటకు ఉద్దేశింపబడినది. ఈ ప్రతిపాదననే పిచ్ అందురు. వక్తకు లభించునవి కొద్ది నిమిషములు, ఒక చిన్న ట్రైలరు, ఆపై ప్రశ్నలు.

దీనికి వెనుక నుండవలసిన కాగితములు నాలుగు. ఒక్క వాక్యమున చిత్రమేమో చెప్పు లాగ్‌లైను, ఖర్చుల పట్టిక, చేతికందిన దెంత, అందవలసిన దెంత అను ధనప్రణాళిక, వీటన్నిటికంటె కష్టమైన ట్రీట్‌మెంటు. ఇంకను జరుగని దానిని, ప్రేక్షకుడు చూడబోవు దానిని, కన్నులకు కట్టినట్లు చెప్పవలెను, అట్లని కల్పింపరాదు. ఆంగ్లమున దీనిని వర్తమానకాలమున వ్రాయుదురు. శిక్షణార్థులు తెలుగున ఆలోచించి ఆంగ్లమున వ్రాయబోయి ఇచ్చటనే తడబడుదురు. “ముసలాయన కార్ఖానా గేటు ముందర నిలుచుచున్నాడు” అన్నచో ఒక్కనాటి సంగతి. “నిలిచెను” అన్నచో గడచిన సంగతి. మన వైయాకరణులు తద్ధర్మార్థకమన్న రూపము, “నిలుచును”, ఆయన ప్రతిదినమును చేయు పనినే గాక రేపు కెమెరా యెదుట చేయబోవు పనిని గూడ చెప్పును. డాక్యుమెంటరీకారుడు ధనదాతకు చెప్పవలసినదియు సరిగా నింతే: ఇది జరుగుచుండునది, గనుక జరుగును. ఈ యొక్క క్రియారూపముకొరకైనను తొలి చిత్తు తెలుగున వ్రాసికొనుట మేలు. ఆంగ్లము పిమ్మట రావచ్చును.

ధనదాతలడుగు మరియొక కాగితము గలదు. చిత్రమున కనుపించు వ్యక్తి తన రూపమును, మాటను వాడుకొనుటకు సమ్మతించుచు సంతకము చేయు పత్రమది. సాధారణముగా ఆంగ్లముననే యుండును. అన్ని మాధ్యమములలో, లోకమంతట, శాశ్వతముగా అని హక్కులను ఏకరువు పెట్టును. కార్ఖానాలో ముప్పదియేండ్లు పనిచేసి రిటైరైన తెలుగు ఫిట్టరు దానిని చదువలేక సంతకము పెట్టినచో అది ఏపాటి సమ్మతి? దీనికి తెలుగున మాటలు లేవనువారు మన శాసనములను, క్రయదస్తావేజులను చూడవలెను. ‘ఆచంద్రార్కము’, ‘పుత్రపౌత్రపారంపర్యముగా’, ‘దానవిక్రయాది సర్వహక్కులతో’ అనునవి సెంటు భూమి కొన్న వానికిని ఎరుకయే. ఆ మాటలలో చదివి వినిపించినచో ఆ పెద్ద, తాను తన మాటనే గాక తన పిల్లలకు దానిపై గల హక్కును గూడ వ్రాసి యిచ్చుచున్నానని వెంటనే గ్రహించును. గ్రహించి, ఆచంద్రార్కము వలదు, పదేండ్లు చాలునని యనవచ్చును. అప్పుడు మన యువతి ధనప్రణాళికను మరల వేసికొనవలసి యుండును.