నిండిన ఇంట్లో ఒంటరితనం

ఒక్కరే బతికేవాళ్ళు ఎక్కువగా ఉన్నచోట ఒంటరితనం కూడా ఎక్కువే ఉంటుందనుకుంటాం. యూరప్‌లో వృద్ధుల మీద జరిగిన అధ్యయనాలు చాలావరకు దీనికి ఎదురు చెప్పాయి. స్వీడన్, డెన్మార్క్‌లలో ముసలితనంలో ఒక్కరే ఉండటం మామూలు. గ్రీస్, ఇటలీలలో పిల్లలతో కలిసి ఉండేవాళ్ళు ఎక్కువ, బంధువుల రాకపోకలూ ఎక్కువ. అయినా ఒంటరిగా అనిపిస్తోందని చెప్పినవాళ్ళు అక్కడే ఎక్కువమంది. ఆరోగ్యం, పింఛను, ఆదాయాల్లో ఉన్న తేడాలు దీనికి కొంత కారణం. అంతటితో అయిపోలేదు.

1980ల మొదట్లో పెప్లా, పెర్ల్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒంటరితనాన్ని మనుషుల లెక్కతో కొలవలేదు. ఆశించిన అనుబంధానికీ, అందిన అనుబంధానికీ మధ్య మిగిలే వెలితే ఒంటరితనం అన్నారు. ఎంత ఆశించాలో చిన్నప్పటినుంచీ నేర్పేది సంస్కృతి. చదువు కాగానే పిల్లలు వేరుగా ఉంటారని స్వీడన్ తల్లికి ముందే తెలుసు. వారానికో ఫోన్ వస్తే ఆమెకు తృప్తి. గుంటూరు తల్లికి డాలస్ నుంచి రోజూ వీడియో కాల్ వచ్చినా మనసు నిండదు. పెద్దతనంలో కొడుకు కళ్ళెదుట ఉంటాడన్న నమ్మకంతో ఆమె పెరిగింది.

పైగా మన దగ్గర ఆ వెలితిని పైకి చెప్పడం కష్టం. ‘నాకెవరూ లేనట్టుంది’ అంటే పిల్లల్ని తప్పుపట్టినట్టే. అందుకే మోకాళ్ళ నొప్పుల గురించి, నిద్ర పట్టకపోవడం గురించి చెబుతారు. ‘బాగానే ఉన్నాం’ అన్న జవాబు వినగానే మనం నిశ్చింతగా ఫోన్ పెట్టేయకూడదని నాకు గట్టిగా అనిపిస్తుంది.

సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ వైస్ 1973లో ఇంకో ముఖ్యమైన తేడా చూపించాడు. మనసు విప్పి చెప్పుకునే ఒక్క మనిషి లేకపోవడం వేరు, కలిసి తిరిగే నలుగురు లేకపోవడం వేరు. ఒకటి రెండోదాని లోటు తీర్చదు. భర్త పోయినామెకు ఇంటినిండా కోడళ్ళూ మనవలూ ఉన్నా మొదటి లోటు అలాగే ఉంటుంది. భర్తతో కొత్తగా అమెరికా వెళ్ళి, ఉద్యోగం చేసే వీలులేని వీసా మీద ఇంట్లోనే ఉండిపోయిన అమ్మాయిది రెండోది. అతను ఎంత ప్రేమగా చూసుకున్నా ఆమె స్నేహితురాళ్ళ చోటు ఖాళీయే.

ఇక్కడే మనం మంచి మనసుతోనే పొరబడుతుంటాం. ఊళ్ళో ఒంటరిగా ఎందుకని తండ్రిని హైదరాబాద్ ఫ్లాట్‌కు తెచ్చుకుంటాం. అరుగు మీద కబుర్లు, గుడి దగ్గర కలిసే ఈడువాళ్ళు, పేరు పెట్టి పిలిచే కిరాణా కొట్టాయన, అన్నీ ఒక్కరోజులో పోతాయి. పగలంతా ఆయనకు తోడు టీవీయే. వృద్ధుల ఒంటరితనం మీద వచ్చిన అనేక పరిశోధనల్ని పిన్‌క్వార్ట్, సోరెన్‌సెన్ 2001లో కలిపి చూశారు. ఒంటరితనం తక్కువగా ఉండటానికి కుటుంబంతో కన్నా స్నేహితులతో, ఇరుగుపొరుగుతో ఉండే రాకపోకలకే ఎక్కువ సంబంధం కనిపించింది. కాబట్టి నాన్నను తెచ్చుకునే ముందు ఆయన సాయంత్రాలు ఎవరితో గడుస్తున్నాయో అడగాలి. తెచ్చుకున్నాక కూడా ఊరికి రానుపోను దారి తెరిచే ఉంచాలి.