బూజు పట్టిన వేరుశనగ కాలేయానికి చేటు

కదిరి (మా విలేకరి): మంచి కాయ మార్కెట్టుకు, తాలు కాయ ఇంటికి! అనంతపురం ప్రాంతపు పల్లెల్లో చాలా ఇళ్ళలో ఏళ్ళ తరబడి సాగుతున్న రివాజు ఇది. బస్తాలకు ఎత్తేటప్పుడు ఏరి పక్కనపెట్టిన ముడుతలు పడ్డ గింజలను, పుచ్చులను, నల్లబడిన వాటిని పారవేయడానికి చేతులు రావు. అవే చట్నీకో, పొడికో వాడుకుంటారు. కాస్త చేదు తగలడం తప్ప తిన్ననాడు ఏమీ కాదు. కాని ఆ గింజ మీద పెరిగిన ఆకుపచ్చ, పసుపుపచ్చ బూజులో కాలేయ కాన్సర్‌కు దారితీసే విషం ఉండవచ్చు. దాని పేరు అఫ్లటాక్సిన్.

కోళ్ళతో బయటపడిన విషం

1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు ఉన్నట్టుండి చచ్చిపోయాయి. కారణం వెతకగా, వాటి దాణాలో కలిపిన బ్రెజిల్ వేరుశనగ చెక్క బూజు పట్టినదని తేలింది. ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే ఆ బూజు పేరు నుంచే విషానికీ పేరు వచ్చింది.

మన దేశంలోనూ ఈ విషం ప్రాణాలు తీసింది. 1974లో రాజస్థాన్, గుజరాత్ సరిహద్దు పల్లెల్లో అకాల వర్షాలకు తడిసి బూజు పట్టిన మొక్కజొన్న తిన్న పేదలకు కామెర్లు వచ్చాయి, పొట్టలో నీరు చేరింది. 106 మంది మరణించారు. ఆ ఇళ్ళలో అదే తిండి తిన్న కుక్కలు కూడా చచ్చాయి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు ఆ గింజలను పరీక్షించి, అందులో అఫ్లటాక్సిన్ ఉన్నట్టు కనుగొన్నారు.

ఒకేసారి ఎక్కువగా తింటే జరిగేది అది. కొంచెం కొంచెంగా ఏళ్ళ తరబడి తింటే జరిగేది వేరు.

కణంలోని తలారి

మన శరీరంలోని ప్రతి కణంలోనూ డి.ఎన్.ఎ. అనే రాత ఉంటుంది. ఊరి భూముల వివరాలన్నీ అడంగలులో ఉన్నట్టు, కణం చేయవలసిన పనులన్నీ అందులో నాలుగే నాలుగు అక్షరాలతో రాసి ఉంటాయి. ఆ రాత దెబ్బతినకుండా కాచే మాంసకృత్తు ఒకటుంది. దాన్ని పి-53 అంటారు. 1979లో శాస్త్రజ్ఞులు దీన్ని గుర్తించారు.

ఇది ఊరి తలారి వంటిది. అంతా సవ్యంగా ఉన్నప్పుడు దీనితో పని తక్కువ. అందుకే ఎమ్.డి.ఎమ్.-2 అనే మరో మాంసకృత్తు దీన్ని ఎప్పటికప్పుడు విరగగొట్టిస్తూ, కణంలో కొద్దిపాటిగానే ఉంచుతుంది. డి.ఎన్.ఎ.కు దెబ్బ తగిలిన వెంటనే ఆ కట్టడి సడలుతుంది, పి-53 పెరుగుతుంది. పెరిగి, కణం రెండుగా చీలకుండా ఆపుతుంది. రాతను బాగుచేసుకునే వ్యవధి ఇస్తుంది. బాగుపడే వీలు లేకపోతే ఆ కణమే చనిపోయేలా చేస్తుంది. చెడిన కణం పిల్లలు పెట్టకుండా ఉండటానికి ఇదే కాపలా.

అఫ్లటాక్సిన్ కాలేయానికి చేరినప్పుడు, దాన్ని బయటకు పంపే ప్రయత్నంలో కాలేయమే దాన్ని మరింత చురుకైన విషంగా మారుస్తుంది. అందులో చాలా భాగం విరిగి బయటకు పోతుంది. మిగిలినది డి.ఎన్.ఎ.లోని 'జి' అనే అక్షరానికి అంటుకుంటుంది. దిద్దుబాటు జరగక ముందే కణం చీలితే 'జి' ఉండవలసిన చోట 'టి' పడుతుంది. ఈ తప్పు తలారి గురించి రాసి ఉన్న చోటనే పడితే ఇక కాపలా పోయినట్టే. పి-53 అంటే 393 పూసల దండ అనుకుంటే, ఆ ఒక్క అక్షరంతో 249వ పూస మారిపోతుంది. మాంసకృత్తు ఉంటుంది గాని పని చేయదు. దెబ్బతిన్న కణాలు అడ్డు లేకుండా పెరుగుతాయి.

ఇది ఊహ కాదు. చైనాలో యాంగ్జీ నది ముఖద్వారం దగ్గర చీడాంగ్ అనే ప్రాంతం ఉంది. అక్కడి జనం ఒకప్పుడు మొక్కజొన్న మీద బతికేవారు, కాలేయ కాన్సర్ విపరీతంగా ఉండేది. 1991లో వెలువడిన పరిశోధనలో, అక్కడి 16 మంది రోగుల గడ్డలు పరీక్షిస్తే 8 మందిలో సరిగ్గా ఆ 249వ చోటనే మార్పు కనిపించింది. తరువాతి కాలంలో జనం మొక్కజొన్న మాని వరి అన్నానికి మారాక అక్కడ కాలేయ కాన్సర్ బాగా తగ్గింది.

బి రకం కామెర్లు తోడైతే

కాలేయ కాన్సర్‌కు బూజు ఒక్కటే కారణం కాదు. మద్యం, బి, సి రకాల కామెర్ల వైరస్, కాలేయంలో కొవ్వు పేరుకోవడం కూడా కారణాలే. అయితే ఒంట్లో బి రకం వైరస్ ఉన్నవారిలో అఫ్లటాక్సిన్ కాన్సర్ కలిగించే శక్తి సుమారు 30 రెట్లు ఎక్కువని నిపుణుల అంచనా. వైరస్ వల్ల కాలేయ కణాలు చస్తూ, కొత్తవి పుడుతూ ఉంటాయి. కణాలు తరచుగా చీలేకొద్దీ తప్పు రాత నిలిచిపోయే అవకాశం పెరుగుతుంది. అందుకే బిడ్డ పుట్టిన 24 గంటల్లోగా హెపటైటిస్-బి టీకా వేయించాలి. ఆ తరువాత 6, 10, 14 వారాలకు వేసే టీకాల్లోనూ ఇది కలిసి ఉంటుంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం.

కల్లంలోనే కట్టడి

వండినంత మాత్రాన ఈ విషం పోదు. వేయించితే కొంత తగ్గుతుందే గాని పూర్తిగా నశించదు. కనుక బూజు పుట్టకుండా చూడటమే మేలు. పంట చివరి వారాల్లో వాన లేక బెట్ట తగిలితే బూజు భూమిలో ఉండగానే కాయలోకి చేరుతుంది. వీలున్నవారు ఆ సమయంలో ఒక తడి ఇవ్వాలి. పీకిన చెట్లను కాయలు పైకి ఉండేలా తిరగేసి ఎండబెట్టాలి. గింజలో తేమ 8 శాతానికి మించరాదు. కాయను చెవి దగ్గర ఆడిస్తే గలగలమనాలి. చేత్తో వలవడం సులువని కాయల మీద నీళ్ళు చల్లే అలవాటు మానాలి. బస్తాలను నేల మీద, గోడకు ఆనించి కాక, చెక్కల మీద పేర్చాలి.

బూజు పట్టిన చెక్కను పశువులకు పెట్టరాదు. పాడి ఆవు, గేదె తిన్న విషంలో కొంత రూపు మార్చుకుని పాలలోకి వస్తుంది. ఆ పాలు తాగేది పిల్లలే.

ఐరోపా దేశాలు తినే వేరుశనగ గింజల్లో కిలోకు 4 మైక్రోగ్రాములకు మించి అఫ్లటాక్సిన్ ఉంటే సరుకు రానివ్వవు. మైక్రోగ్రాము అంటే గ్రాములో పది లక్షల వంతు. పరదేశానికి పోయే గింజకు అంతటి పరీక్ష ఉంది. మన వంటింటి డబ్బాలోని గింజకు ఇంటివారి కళ్ళే పరీక్ష. ముడుతలు పడినవి, రంగు మారినవి, చేదు తగిలినవి ఏరి పారవేస్తే పోయేది గుప్పెడు గింజలు మాత్రమే.